మొక్కజొన్న బంకుకు చేరాక

కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 24న ‘బయో ఈ3’ అనే విధానానికి ఆమోదం తెలిపింది. ఇప్పుడు పెట్రోలియం నుంచి తీస్తున్న రసాయనాలు, ప్లాస్టిక్కులు, ఇంధనాలలో వీలైనన్నిటిని ఇకమీదట మొక్కల నుంచి, సూక్ష్మజీవుల నుంచి తయారు చేసుకోవాలని, దానివల్ల ఆదాయం, ఉపాధి, పర్యావరణం మూడూ బాగుపడాలని దాని ఉద్దేశం. మొక్కలు, సూక్ష్మజీవుల ఆధారంగా నడిచే ఉత్పత్తులన్నీ కలిసిన దేశ జీవ ఆర్థికం విలువ 2014లో వెయ్యి కోట్ల డాలర్లు ఉండేదని, 2024 నాటికి 16,570 కోట్ల డాలర్లు అయిందని, 2030కల్లా 30,000 కోట్లకు చేరాలని ప్రభుత్వ సంస్థ బైరాక్ నివేదిక చెబుతోంది. పదేళ్లలో పదహారు రెట్లు పెరగడం ఏ రంగానికైనా గొప్పే. అయితే ఈ లెక్కంతా డాలర్లలో ఉంది. ఆ విలువ పుట్టడానికి ఎన్ని టన్నుల గింజ, ఎంత గడ్డి, ఎన్ని ఎకరాలు, ఎంత నీరు ఖర్చయ్యాయో, అందులో చేనికి తిరిగి చేరింది ఎంతో అందులో కనబడదు. జాతీయ వ్యూహం ఈ రెండో లెక్కతో మొదలు కావాలన్నదే ఇక్కడి వాదన. నేల మీద మొలిచేది ఏటా మొలుస్తుంది గనుక దానికి తరుగు లేదనుకుని గీసిన ప్రణాళికలు మన దేశంలోనూ, మనకంటే జాగ్రత్తపరులని పేరున్న దేశాల్లోనూ దెబ్బతిన్నాయి.

జీవ ఆర్థికం అన్న ఒకే పద్దు కింద రెండు పూర్తిగా వేరువేరు వ్యాపారాలు నడుస్తున్నాయి. హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను ఈస్ట్ కణాల సాయంతో తయారు చేసి మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ వచ్చింది. టీకాలు, మందులు, ఎంజైముల వంటి వాటిలో ముడిసరుకు పిసరంత, తెలివి కొండంత. ఒక్క ట్యాంకులో పెరిగిన సూక్ష్మజీవులు లక్షల మందికి సరిపడా మందు ఇస్తాయి. వాటికి కావలసిన చక్కెర కోసం ఎవరి చేనూ పంట మార్చనక్కరలేదు. ఇంధనం సంగతి దీనికి తలకిందులు. టన్ను చెరకు రసం దారిలో వెళ్తే వచ్చే ఇథనాల్ దాదాపు 70 లీటర్లు. టన్ను మొక్కజొన్నకు సుమారు 380 లీటర్లు. టన్ను బియ్యానికి 450 లీటర్లకు అటూఇటూ. ఇక్కడ తెలివి కంటే రాశి ముఖ్యం. బైరాక్ చెప్పిన 16,570 కోట్ల డాలర్లలో మందులు, టీకాల వాటా 35 శాతమైతే, జీవ ఇంధనాలు, ఎంజైములు, జీవ ప్లాస్టిక్కులు కలిసిన పారిశ్రామిక విభాగం వాటా 47 శాతం. ఈ రెంటినీ కలిపి ‘రంగం పెరిగింది’ అంటే, ప్రయోగశాల సాధించిన పెరుగుదల ఏదో, పొలం నుంచి లాగి తెచ్చిన పెరుగుదల ఏదో తేలదు.

ఇథనాల్ ప్రయాణం చూస్తే విషయం తేటపడుతుంది. 2013-14లో పెట్రోలులో కలిసిన ఇథనాల్ ఒకటిన్నర శాతం, అంటే 38 కోట్ల లీటర్లు. 2022 జూన్‌లో అది పది శాతానికి చేరింది. 2030కి పెట్టుకున్న ఇరవై శాతం లక్ష్యాన్ని 2025-26కు ముందుకు జరిపారు. 2025 మార్చి నాటికే ఆ గీత తాకారు. ఇప్పుడు ఏటా కావలసింది వెయ్యి కోట్ల లీటర్ల పైమాటే. ఒక ప్రభుత్వ పథకం గడువుకు ముందే లక్ష్యం చేరడం మనకు అలవాటు లేని సంగతి, కనుక మెచ్చుకోవలసిందే. సామాజిక మాధ్యమాల్లో మాత్రం చర్చంతా బండి మైలేజీ తగ్గిందా, ఇంజను పాడవుతుందా అన్నచోటే ఆగిపోయింది. అవి పట్టించుకోవలసిన ప్రశ్నలే కానీ, అంతకంటే పెద్దది ఇంకొకటుంది: ఈ వెయ్యి కోట్ల లీటర్లు ఏ పంటలోంచి వచ్చాయి?

మొదట్లో చక్కెర మిల్లుల్లో మిగిలే మొలాసిస్ నుంచి వచ్చాయి. అది మిగులే గనుక ఎవరికీ ఇబ్బంది కలగలేదు. లక్ష్యం పెరిగేకొద్దీ చెరకు రసం, ఆ తర్వాత బియ్యం, చివరికి మొక్కజొన్న వరుసలో చేరాయి. 2021-22లో మొక్కజొన్న ఇథనాల్ లేనట్టే లెక్క. 2023-24లో అది 286 కోట్ల లీటర్లు. టన్నుకు 380 లీటర్ల చొప్పున కట్టి చూస్తే దాదాపు 75 లక్షల టన్నుల గింజ, అంటే ఆ ఏటి దేశ దిగుబడిలో ఐదో వంతు రెండేళ్లలో కొత్త కొనుగోలుదారు చేతికి వెళ్లింది. అంతకు రెండేళ్ల ముందు ఏటా 30 లక్షల టన్నులకు పైగా ఎగుమతి చేసిన దేశం 2024లో మియన్మార్, ఉక్రెయిన్ల నుంచి మొక్కజొన్న దిగుమతి చేసుకుంది. దీని సెగ మొదట తగిలింది కోళ్ల పరిశ్రమకు. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే. డిస్టిలరీకి వెళ్లిన గింజలో పిండిపదార్థం ఆల్కహాలుగా మారాక మాంసకృత్తులున్న పిప్పి మిగులుతుంది. డీడీజీఎస్ అని పిలిచే ఈ పిప్పి మళ్లీ దాణాగానే వస్తుంది కదా అని ఇథనాల్ పక్షం వారంటారు. వస్తుంది, కానీ గింజ బరువులో మూడో వంతుకు మించదు. పైగా చవకగా వచ్చిపడిన ఆ పిప్పి సోయా చెక్కకు గిరాకీ తగ్గించి, సోయాబీన్ ధరను మద్దతు ధర కిందికి లాగినవాటిలో ఒకటైంది. ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాల్లో సోయా వేసే రైతుకు పెట్రోలు బంకుతో ఏ సంబంధమూ లేదు. అయినా దాని ప్రభావం అతని కాటా దగ్గరికి వచ్చింది. 2025 ఖరీఫ్‌లో దేశంలో మొక్కజొన్న విస్తీర్ణం పెరిగి, సోయా, పత్తి విస్తీర్ణాలు తగ్గాయి. వంటనూనె మాత్రం మనం ఏటా సుమారు 160 లక్షల టన్నులు బయటినుంచి తెచ్చుకుంటూనే ఉన్నాం. ముడి చమురు దిగుమతి తగ్గించుకునే పనిలో మొక్కజొన్న, వంటనూనె దిగుమతుల బరువు పెంచుకుంటున్నామేమో తేల్చే లెక్క ఏ ఒక్క శాఖ దగ్గరా లేదు.

బియ్యం లెక్క ఇంకా విచిత్రం. 2024-25లో భారత ఆహార సంస్థ నిల్వల నుంచి 52 లక్షల టన్నులు ఇథనాల్‌కు కేటాయించి, క్వింటా 2,250 రూపాయల ధర పెట్టారు. సేకరణ, మిల్లింగు, నిల్వ, వడ్డీ కలుపుకొంటే ఆ సంస్థకు పడేది సుమారు 4,000 రూపాయలు. క్వింటాకు 45 లీటర్లు వస్తాయనుకుంటే లీటరు ఇథనాల్ వెనక దాదాపు 39 రూపాయల ప్రజాధనం కనబడకుండా ఉంది. గోదాములు నిండిపోయి ముక్కిపోయే బియ్యాన్ని అమ్ముకుంటే నష్టమేమిటని అడగవచ్చు. ఒక ఏడాదికి అది సరైన జవాబే. తెలంగాణలో యాసంగి వడ్లు ఎండలు ముదిరాక కోతకు వస్తాయి గనుక మిల్లులో ఎక్కువగా విరిగి నూకలవుతాయి. ఆ నూకలు, తడిసి రంగు మారిన ధాన్యం ఇథనాల్‌కు పోవడంలో తప్పు పట్టవలసింది లేదు. అయితే తాత్కాలికంగా మిగిలినదాన్ని వదిలించుకునే దారి శాశ్వత గిరాకీగా మారిందంటే, ఆ మిగులును ఏటా పండించి తీరవలసి వస్తుంది. బోర్లతో, ఎత్తిపోతలతో పండే వరి మానుకోవాలని ఒక శాఖ చెబుతుంటే, ఆ వరికి ఇంకో కొనుగోలుదారును ఇంకో శాఖ వెతికి పెడుతుంది. చెరకు నుంచి వచ్చే లీటరు ఇథనాల్ వెనక కనీసం 2,860 లీటర్ల నీరుందని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ఇథనాల్ ప్రణాళికే రాసింది. ఆ అంకె తెలిసీ ముందుకెళ్లారు.

దీనికి బలమైన ఎదురువాదం రైతు పేరుమీదే వస్తుంది. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. 2014-15 నుంచి ఇథనాల్ వల్ల 1.4 లక్షల కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకం మిగిలిందని, రైతులకు 1.2 లక్షల కోట్లకు పైగా చేరిందని కేంద్రం అంటోంది. మొక్కజొన్నకు నిలకడైన ధర దొరికిన మాట కాదనలేం. దశాబ్దాల తరబడి చక్కెర మిల్లుల దగ్గర బకాయిల కోసం తిరిగిన చెరకు రైతుకు ఇథనాల్ డబ్బు త్వరగా అందిన మాటా నిజమే. ఆ లాభాన్ని తక్కువ చేయడం పట్నంలో కూర్చున్నవారికి తేలిక. కానీ రైతుకు కావలసింది కొనేవాడు ఉండటం. ఆ కొనేవాడు పెట్రోలు బంకే కానక్కర్లేదు. ఉత్తరప్రదేశ్‌లోని కుంభీలో ఒక చక్కెర కంపెనీ చెరకు చక్కెర నుంచి పాలీలాక్టిక్ ఆమ్లం, అంటే తగిన వేడిలో కంపోస్టు అయ్యే ప్లాస్టిక్కు, ఏటా 80 వేల టన్నులు తీసే ఫ్యాక్టరీ కడుతోంది. చక్కెరను కాల్చేసి కిలోమీటర్లుగా మార్చుకోవడం కంటే వస్తువుగా మార్చుకుంటే దాని విలువ ఎక్కువ, అదే విలువకు కావలసిన నేల తక్కువ. పైగా కారు నడవడానికి కరెంటు ఉంది; ప్లాస్టిక్కుకు, రసాయనాలకు కర్బనం తప్పనిసరి. అందుకే ముందు తిండి, మేత, మట్టి; తర్వాత వస్తువులు, రసాయనాలు; మిగిలితే ఇంధనం అన్న వరుసను వ్యూహంలోనే రాసి, రాయితీలు ఆ క్రమంలో ఇవ్వాలి. ఇప్పుడు గ్యారంటీ ధర, గ్యారంటీ కొనుగోలు ఉన్నది వరుసలో చివర నిలబడవలసిన ఇంధనానికి.

గింజ వద్దంటే వ్యర్థాలున్నాయిగా అన్నది రెండో జవాబు. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 900 కోట్లకు పైగా ఖర్చుతో వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే కర్మాగారం కట్టింది; 2022 ఆగస్టు 10న ప్రధాని దాన్ని ప్రారంభించారు. ఏటా రెండు లక్షల టన్నుల గడ్డి తీసుకుని మూడు కోట్ల లీటర్లు ఇవ్వడం దాని సామర్థ్యం. వెయ్యి కోట్ల లీటర్లు కావాలంటే అలాంటివి 330కి పైగా కట్టాలి, వాటికి ఆరున్నర కోట్ల టన్నులకు పైగా గడ్డి మొయ్యాలి. దేశంలో పంట వ్యర్థాల మిగులు ఏటా 23 కోట్ల టన్నులని కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ చేయించిన అధ్యయనం చెప్పింది కాబట్టి కాగితం మీద ఇది సాధ్యమే. పొలంలో అయితే గడ్డి ఏడాది పొడుగునా ఉండదు, కోత తర్వాత కొద్ది వారాలే ఉంటుంది; తేలికగా, గుల్లగా ఉండి లారీ నిండా ఎత్తినా బరువు తూగదు. పంజాబులో తగలబెడుతున్న గడ్డిని చూసి ‘దేశమంతా వ్యర్థమే’ అనుకోవడం ఇంకో పొరపాటు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో, కరవు మండలాల్లో వరిగడ్డి పశువులకు తిండి. వేసవిలో ట్రాక్టరు గడ్డి ధర ఎంత పలుకుతుందో పాడి రైతులకు తెలుసు. అదిగాక మొక్క పీల్చుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలోకి పోదు, గడ్డిలోనే ఉంటుంది. టన్ను గడ్డి పొలం దాటితే పదిహేను కిలోల వరకు పొటాషియం దాటినట్టే. మనం వాడే పొటాష్ ఎరువు దాదాపు అంతా దిగుమతే. కనుక గడ్డిని ఉచిత ముడిసరుకు అనేవారు ఎరువుల బిల్లు ఎప్పుడూ చూడలేదనుకోవాలి.

ఈ కోణంలో చూస్తే, ఇన్ని దారుల్లో ఎక్కువ మేలైనదిగా కనిపించేది బయోగ్యాస్. పేడ, కుళ్లిన కూరగాయలు, చక్కెర మిల్లులో మిగిలే ప్రెస్‌మడ్ అనే మడ్డి, మిగులు గడ్డి గాలి తగలని ట్యాంకులో పులిస్తే మీథేన్ వస్తుంది. దాన్ని శుద్ధి చేసి నొక్కితే బండికి పనికివచ్చే గ్యాసు. కర్బనంలో కొంత భాగమే గ్యాసుగా పోయి, నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు అలాగే ఎరువులో మిగిలి చేనికి తిరిగి వెళ్లగలవు. ఇంతటి మేలున్న దారే మన దేశంలో నత్తనడక నడిచింది. 2018 అక్టోబరులో మొదలైన సతత్ పథకం 2023-24కల్లా 5,000 ప్లాంట్లు అనుకుంది. గడువు దాటాక చూస్తే నడుస్తున్నవి వందకు అటూఇటూ. ఇథనాల్ గెలిచి ఇది వెనకబడటానికి కారణం సాంకేతికం మాత్రమే అనుకోలేం. ఇథనాల్‌కు ప్రతి ముడిసరుకుకూ ముందే ప్రకటించిన ధర, కొనక తప్పని చమురు సంస్థలు ఉన్నాయి. ఇక్కడ గ్యాసుకు పైపులైను దూరం, చెత్త వేరుచేసి ఇవ్వలేని పురపాలికలు, అన్నిటికంటే ఎక్కువగా ఎరువును కొనేవాడు లేకపోవడం అడ్డొచ్చాయి. యూరియా బస్తా మీద భారీ రాయితీ ఉన్న దేశంలో పులిసిన సేంద్రియ ఎరువుకు టన్నుకు 1,500 రూపాయల సాయం 2023లో గాని ప్రకటించలేదు. 2025-26 నుంచి గ్యాసు కంపెనీలు ఒక శాతంతో మొదలుపెట్టి కొద్ది కొద్దిగా బయోగ్యాస్ కలపాలన్న నిబంధన వచ్చింది. ఆలస్యమైనా సరైన అడుగు.

ఆంధ్రప్రదేశ్ ఈ దారిలోనే పెద్ద అడుగు వేస్తోంది. రిలయన్స్ సంస్థ 65 వేల కోట్ల రూపాయల పెట్టుబడితో 500 బయోగ్యాస్ ప్లాంట్లు పెట్టేందుకు ఒప్పందం కుదిరి, మొదటిదానికి 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి నియోజకవర్గం దివాకరపల్లిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ ముడిసరుకు బీడు భూముల్లో పెంచే నేపియర్ గడ్డి. వలసలు తప్పని జిల్లాకు పరిశ్రమ రావడం స్వాగతించవలసిందే. అయినా రెండు సందేహాలు మిగులుతాయి. నేపియర్ నీరు పెడితే ఏపుగా పెరిగి మళ్లీ మళ్లీ కోతకు వస్తుంది, నీరు లేకపోతే ఆ దిగుబడి రాదు. తాగునీటికే తంటాలు పడే మండలాల్లో ఆ నీరు ఎక్కడిది? రెండోది, రికార్డుల్లో బీడు అని రాసి ఉన్న నేల చాలాచోట్ల గొర్రెలు, మేకలు మేసే నేల. ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పకపోతే ఏమవుతుందో ఇరవై ఏళ్ల కిందటే చూశాం. 2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ 2011-12కల్లా డీజిల్‌లో ఇరవై శాతం జీవ ఇంధనం కలపాలని, అందుకు కోటి హెక్టార్లకు పైగా బంజరులో అడవి ఆముదం, అదే జట్రోఫా, వేయాలని చెప్పింది. బంజరులో వేసిన మొక్క బతికింది గాని కాయ కాయలేదు; కాయ కావాలంటే నీరు, ఎరువు అడిగింది. ఆ లక్ష్యం కాగితం దాటలేదు. సరిగ్గా అదే 2003లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ అనే చిన్న గోండు గూడెంలో మహిళా సంఘాలు డీజిల్‌కు బదులు కానుగ గింజల నూనె వాడటం వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడు లెక్కను ప్రపంచ బ్యాంకుకు అమ్మి 645 డాలర్లు తెచ్చుకున్నాయి. డబ్బు చిన్నదే. కానీ ఊరి చుట్టూ ముందే ఉన్న చెట్ల గింజ, ఊళ్లోనే నూనె తీసే యంత్రం, పొలంలోకే చేరే చెక్క: ఉన్నదేమిటో చూసుకుని మొదలుపెట్టిన పని అది. ఢిల్లీలో శాతం తేల్చి నేలను వెతికిన పని మాత్రం కూలింది.

సంపన్న దేశమైతే ఇలా జరగదనుకుంటే ఫిన్లాండ్ ఉంది. నేలలో నాలుగింట మూడు వంతులు అడవి, పక్కా లెక్కలు, నిజాయతీ గల యంత్రాంగం. 2014లో అది తన జీవ ఆర్థిక వ్యూహాన్ని ప్రకటించి, 2025కల్లా రంగం విలువను 10,000 కోట్ల యూరోలకు చేర్చాలని, లక్ష కొత్త ఉద్యోగాలు రావాలని లక్ష్యం పెట్టుకుంది. కలప నరకడం పెరిగింది, అదే సమయంలో చెట్ల ఎదుగుదల అనుకున్నదాని కంటే తగ్గింది. ఏటా కర్బనాన్ని పీల్చుకోవలసిన భూ వినియోగ రంగం 2021 లెక్కల్లో పీల్చుకున్నదానికంటే ఎక్కువ వదిలినట్టు తేలింది. 2035కి కర్బన తటస్థత సాధిస్తామన్న ఆ దేశ మాట ఆ అడవి మీదే ఆధారపడి ఉంది. 2022లో వ్యూహాన్ని సవరించి, పరిమాణం కంటే టన్ను కలపకు వచ్చే విలువ పెంచుదామన్నారు. యూరోల లక్ష్యం ముందు, అడవి లెక్క తర్వాత అన్న వరుసకు చెల్లించిన మూల్యం అది.

ఇన్ని లెక్కలు అడిగితే పెట్టుబడి రాదని, అభివృద్ధి చెందే దేశానికి ఇంత జాగ్రత్త తగదని అనేవారున్నారు. పెట్టుబడిని నిజంగా బెదరగొట్టింది లెక్క లేకపోవడమే. 2023 జులైలో ధరలు పెరగగానే ఆహార సంస్థ డిస్టిలరీలకు బియ్యం ఆపేసింది. అదే ఏడు డిసెంబరులో చెరకు రసం నుంచి ఇథనాల్ తీయొద్దని ఉత్తర్వు వచ్చి, వారంలో సడలి, 2024 ఆగస్టులో పూర్తిగా రద్దయింది. పంట ఎంత వస్తుందో, అందులో ఎంత పక్కకు తీయవచ్చో ముందే తెలిసి ఉంటే ఈ వెనకాముందు అవసరం ఉండేది కాదు. ఈలోగా బ్యాంకు అప్పులతో ఫ్యాక్టరీలు వెలిసి, 2025-26కు చమురు సంస్థలు 1,050 కోట్ల లీటర్లు అడిగితే 1,776 కోట్ల లీటర్లకు టెండర్లు వచ్చాయి. కట్టిన ఫ్యాక్టరీ ఖాళీగా ఉంటే కలిపే శాతం పెంచమని ఒత్తిడి వస్తుంది. అప్పుడు విధానాన్ని నడిపేది అప్పు వాయిదా.

ఊళ్లను అడగకపోవడం దీనికి తోడు. పెట్రోలులో కలిపేందుకే ఇథనాల్ చేసే ధాన్యపు డిస్టిలరీలకు 2021 జూన్‌లో పర్యావరణ అనుమతి వర్గం మార్చి, ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా చేశారు. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జనం ఇథనాల్ ఫ్యాక్టరీల మీద రోడ్డెక్కారు. దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జాతీయ రహదారి దిగ్బంధం దాకా వెళ్లాక పనులు ఆపారు. వాళ్లు అడిగిన నీరు, వాసన, వ్యర్థాల ప్రశ్నలు ఒక సభ పెట్టి వినగలిగినవే. పై స్థాయిలోనూ ఇదే తీరు: 2018 జాతీయ జీవ ఇంధన విధానం కింద ధాన్యం మిగులు ఉందని తేల్చే సమన్వయ కమిటీకి అధ్యక్షుడు పెట్రోలియం మంత్రి. ఇంధనం కావలసిన శాఖే తిండి మిగిలిందని చెప్పడం ఎలాంటి ఏర్పాటో వేరే చెప్పాలా? బయో ఈ3 బయోటెక్నాలజీ విభాగంలో, గడ్డి వ్యవసాయ శాఖలో, పేడ గ్యాసు గోబర్‌ధన్ పథకం కింద జల్ శక్తి శాఖలో, ఎరువు రసాయనాల శాఖలో ఉన్నాయి. ప్రతి జిల్లాలో ఎంత గింజ, గడ్డి, పేడ పుట్టింది, ఎవరు ఎంత తీసుకున్నారు, మట్టికి ఎంత తిరిగిచ్చారు అన్న ఒకే పట్టికను ఏటా ప్రచురించే బాధ్యత, ఏ కర్మాగారమూ కట్టని సంస్థకు అప్పగించడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఇరవై దాటి ఇరవై ఏడు శాతానికి వెళ్దామన్న చర్చ ఇప్పటికే మొదలైంది గనుక ఆ పట్టిక అవసరం రేపటిది కాదు. ఆ ఏడు శాతానికి నేటి వాడకం ప్రకారం దాదాపు 365 కోట్ల లీటర్లు కావాలి. అంతా మొక్కజొన్న నుంచే తీస్తే 95 లక్షల టన్నులకు పైగా గింజ. హెక్టారుకు మూడుంబావు టన్నుల సగటు దిగుబడితో కట్టి చూస్తే సుమారు 29 లక్షల హెక్టార్లు, మన లెక్కలో డెబ్బై లక్షల ఎకరాల పైమాట. ఆ ఎకరాల్లో ఇప్పుడు సోయా ఉందా, కందులున్నాయా, పత్తి ఉందా, ఏ జిల్లాల్లో ఉన్నాయి, వాటికి ఏ నీరు పారుతోంది అన్నది నవంబరులో మొదలయ్యే తర్వాతి ఇథనాల్ సంవత్సరానికి ముందు, శాతం ప్రకటించే రోజునే ప్రకటించాలి.